వీపు ఖాళీ

గుణుపురంలో పొద్దున్నుంచి కొట్లు తిరుగుతున్నాను.
పాలిథిన్ కవర్లో అర్జీ, కిందటేడు కొలాబు పోటీలో
నాలుగో స్థానం తెచ్చిన బొచ్చెతో నా ఫొటో.
ప్రవేశ రుసుం రెండువేలు. జయపురం బస్సు. కొత్త రీలు.

మందుల షాపు పాణిగ్రాహి బాబు
ఫొటోని ఎక్స్‌రేలా వెలుగుకి పట్టి చూశాడు.
"మాఛొ బాగుంది," అని తిరిగిచ్చేశాడు.

సిమెంటు కొట్టు పొట్నూరు కామేశం గారు మాత్రం
"ఈ చేపనేటి సేసినావు?" అని అడిగారు.
తూకమేసి నీళ్లలో ఒగ్గీసినానన్నాను.
కాటా మీద చెయ్యేసి చాలాసేపు నవ్వారు.
"తూసిన సరుకు ఒగ్గీసినోడికి
నా కొట్టు పేరెలాగిస్తాన్రా!"

ఒడ్డున ఆరుగంటలు కదలకుండా కూచుంటాను.
ఆ గుమ్మంలో అయిదు నిమిషాలకే కాళ్లు పీకాయి.

పంచర్లేసే లిమ్మా మామ
ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూనే
మూడొందలు తీసిచ్చాడు.
చొక్కా వెనక నీ పేరు రాయిస్తానన్నాను.
"నా కొట్టుకే బోర్డు లేదు. నీ వీపుకెందుకు?"

మిగతాది అప్పు.

ఆదివారం కొలాబు గట్టు మీద
అందరి వీపుల నిండా అక్షరాలు.
నా చొక్కా మీద, బస్సెక్కేటప్పుడు తట్టిన చెయ్యి,
గ్రీజుతో అయిదు వేళ్లూ.

గంటన్నరైంది. బెండు ఇంకా కదల్లేదు.