నాలుగో లేన్

ఇవాళ షెనాయ్‌నగర్ ఈతకొలనులో
పిల్లలెవరూ నాలుగో లేన్‌లోకి దిగలేదు.
వాళ్ళకెవరూ చెప్పలేదు.

పేపరువాళ్ళు వకుళమ్మ పతకాలు లెక్కపెట్టారు.
పదకొండట.
నాకు గుర్తున్నది ఆవిడ ఎడమ భుజం,
చెయ్యెత్తినప్పుడల్లా టక్కుమనేది.
క్లోరిన్‌కి రాగిరంగు తిరిగిన జడ.
మెడలో తడి తువ్వాలుతోనే
29సి బస్సు వెనక పరుగు.

నీళ్ళంటే వణికే నా చేతిలో
ముందు స్టాప్‌వాచీ పెట్టింది.
ఏడాది తర్వాత మెట్టు దింపి,
"వదలడం నేర్చుకోవే ఊపిరి.
పీల్చడం అదే వస్తుంది" అంది.

మొన్న కీల్పాక్ ఆసుపత్రిలో, తెల్లవారుజామున,
ప్రాక్టీసు వేళకి
ఆవిడ వదిలింది.

అదే వస్తుందని
చూస్తూ కూర్చున్నాను.
డాక్టరు టైము రాసుకుని వెళ్ళిపోయాడు.
నా బొటనవేలు
ఇంకా మీట నొక్కలేదు.