విస్తీర్ణం

ఈ దేశం ఎంతుంటుందని ఇంటి నుంచి అడిగితే
నేను వెంటనే చెప్పను.
ఏ నెల లెక్క కావాలో ముందు అడుగుతాను.

ముహర్రక్ అంచున, ఎర్రా తెల్లా గీతల కర్ర పట్టుకుని
పదకొండేళ్లుగా నిలబడుతున్నాను.
అటుపక్క కోశీ సారు ఒంటికన్నుతో చూస్తాడు,
నా ముఖం కాదు, కర్ర మీది అంకె.
నిరుడు మోకాళ్లదాకా నీళ్లున్న చోట
ఈ ఏడు పెళ్లిబట్టల షాపు.
డ్రెడ్జరు అడుగు నుంచి ఇసుక తోడి కక్కుతుంది,
కక్కిన చోటల్లా దేశం.

మా మెట్‌పల్లి దగ్గర
గట్టు జరిగి అర గుంట పోయిందని
మా పెద్దనాయనలిద్దరూ ఇరవై రెండేళ్లు కోర్టుకు తిరిగారు.
ఇక్కడ సముద్రమే గట్టు.
ఎంత జరిపినా కేసు వేసేవాడు లేడు,
చేపల పేర పహాణీ లేదు.

దీవి చిన్నది. ఈ కొసన తుమ్మితే
ఆ కొసన ఎవరో చిరాయువంటారని మా క్యాంపులో జోకు.
చిన్నదే కానీ ఖాళీగా కూర్చున్నది కాదు.
ముందు ముత్యాలు అమ్మింది.
జపాను వాడు ముత్యాన్ని పెంచడం నేర్చాక
కొండ కింద నూనె దొరికింది.
ఆ నూనె పొరుగువాళ్లకున్నంత లేదని తెలిసి
అల్యూమినియం కరిగించింది,
ఊరివాళ్లూ పరాయివాళ్లూ తెచ్చిన డబ్బుకు
అద్దాల ఇళ్లు కట్టించి అద్దెకిచ్చింది, వాటినే బ్యాంకులంటారు.
గురువారం రాత్రి వంతెన మీదుగా
పొరుగుదేశం కార్లు బారులు తీరి వస్తాయి,
వాటి దీపాలను కూడా ఆదాయం కిందే రాస్తారనుకుంటా.
జనాభాలో సగానికి మించి మాలాంటి వాళ్లమే.
లెక్కలో ఉంటాం, పటంలో ఉండం.

రూపాయికి నూరు పైసలు నేర్చిన నాకు
దీనారుకు వెయ్యి ఫిల్సులు ఒంటబట్టడానికి
ఒక జీతం ఖర్చయింది.
చుక్క తర్వాత మూడు అంకెలు.
దేశం చిన్నది, చిల్లర పెద్దది.

అబ్దుల్ నబీ పొద్దున్నే వస్తాడు. డెబ్బై దాటాయి.
ఆయన తాత ముత్యాల పడవలో మునిగేవాడు,
ముక్కుకు తాబేటిచిప్ప పట్టకారు, కాలికి రాయి.
తాగే నీళ్లు కూడా సముద్రంలోంచే తెచ్చేవాడట.
ఉప్పునీటి అడుగున తియ్యటి ఊట,
తోలుతిత్తి మూతి దాని మీద బోర్లించి
నిండాక పైకి రావడమే.
దేశానికి రెండు సముద్రాలని పేరు పెట్టింది
అందుకేనంటాడు. అవునో కాదో కోశీ సారుకూ తెలియదు.

"నా గడప నుంచి ఊటకు నలభై బారలు" అన్నాడు.
గడప ఉంది.
గడప నుంచి నీళ్లకే ఇప్పుడు రెండు కిలోమీటర్లు,
మధ్యలో మూడు సిగ్నళ్లు.
"వెతికిపెట్టు."

శుక్రవారం, కోశీ సారు చర్చికి పోయాక,
పాత పటం జిరాక్సు మీద కొత్తది పెట్టి
కిటికీ అద్దానికి ఆనించాను.
ఊట గుర్తు, ఒక చిన్న సున్నా,
ఎండకు తేలింది.

ఇద్దరం నడిచే వెళ్లాం.
సున్నా ఉన్న చోట కార్ వాష్.
సిల్హెట్ పిల్లగాడు రఫీకుల్ పైపు పట్టుకుని
ఎవరిదో తెల్ల ల్యాండ్ క్రూజర్ కడుగుతున్నాడు,
సముద్రాన్ని పట్టి, ఉప్పు విరిచి,
గొట్టాల్లో ఊరంతా తిప్పి తెచ్చిన నీళ్లతో.
"ఒక దీనారు అయిదు వందలు" అని బోర్డు చూపించాడు.
"కారేది బాబా?"

ముసలాయన జేబులోంచి లెక్కపెట్టి తీశాడు,
మూడు అంకెలూ సరిగ్గా.
చెప్పులు విప్పి
నురగ ఆరని సిమెంటు మీద జతగా పెట్టాడు.

రఫీకుల్ నా వంక చూశాడు.
నేనేం చెప్పను, చేతిలో కర్ర కూడా లేదు.
కాసేపటికి పైపు ఇటు తిప్పాడు.

మరునాడు ఫీల్డు బుక్కులో
ఆ చోటు ఎత్తు రాశాను.
సముద్రమట్టానికి రెండు మీటర్ల పైన.
లోతుకు గడి లేదు.