బస్తాలు తాగేసిన చప్పుడు

మా డెల్టాలో కొండల్లేవు,
అరిచిన పేరు అరిచినచోటే తడిసిపోతుంది
అని నేనెవరితోనో అంటుంటే
మండపేట మిల్లులో కాటా పక్కన కూర్చున్న తాతబ్బాయి
నవ్వాడు.
"మీరు కళ్ళతో వింటారండి. అందుకని."

ఏడో ఏట అమ్మవారు పోసి చూపు పోయింది.
నాలుక మిగిలింది.
గోడౌను గుమ్మంలో నిలబడి
అంగిట్లో ఒక్కటి కొడతాడు: టక్.
లోపలికెళ్ళిన చప్పుడు
ఏం చూసొచ్చిందో చెవికి చెప్తుంది.
"ఎడం వరస నిన్నటికన్నా పొట్టిదయింది.
నడవలో ఎవరో నిచ్చెన వదిలేశారు."

ఇటుక ఒకలా తిప్పికొడుతుందట, రేకు ఒకలా.
గోనె మాత్రం తాగేస్తుంది,
ఎండాకాలం మజ్జిగలాగా.
సరుకు పోయిన రోజు నా లెక్క తేలకముందే
"పదకొండు బస్తాలు మోగుతున్నాయండి" అన్నాడు.
లేనివి మోగుతాయి. ఉన్నవి ఊరుకుంటాయి.
ఈ సంగతి నాకింకా పూర్తిగా అరగలేదు.

మిల్లు ఆగాక, మునిమాపువేళ
అటక మీంచి గబ్బిలాలు లేస్తాయి.
నాకు వినపడేది రెక్కల గుడ్డచప్పుడే.
"అరుచుకుంటూ పోతున్నాయండి, మనకందనంత సన్నగా.
పురుగు దగ్గరపడేకొద్దీ గబగబా అడుగుతాయి."
రేడియోలో విన్నాడట.
గొంతులో కాస్త కుళ్ళు, దాయాది మీద ఉండేలాంటిది.

భైరవపాలెం సూరన్న ఎండుచేపలు దించుతూ
పడవకి కొత్తగా బిగించిన పెట్టె సంగతి చెప్పాడు:
నీళ్ళలోకి చప్పుడు వదిలి లోతు కొలుస్తుందట,
చేపల గుంపు అద్దం మీద చుక్కలై పడుతుందట.
"ఎంతయింది?"
"ఇరవై వేలు."
తాతబ్బాయి నాలుక బయటపెట్టి చూపించాడు.

కార్తీకంలో తుఫాను.
గోడౌను రేకులు చేలల్లోకి ఎగిరిపోయాయి,
తూర్పుగోడ కాలవలో కూర్చుంది.
తెల్లారి నేను వెళ్ళేసరికి
పడిపోయిన వరి మధ్య
టక్ అంటాడు, ఆగుతాడు, పక్కకి తిరిగి
మళ్ళీ టక్.
ఏదీ తిరిగి రావడం లేదు.
ఇన్నేళ్ళలో మొదటిసారి
అతను నాకు గుడ్డివాడిలా కనిపించాడు.

పేరు పెట్టి పిలిస్తే సరిపోయేది.
ఎందుకో పిలవలేదు.
చెప్పులు గట్టు మీద వదిలి బురదలో నడిచి
అతనికి ఎదురుగా, బారెడు దూరంలో
కదలకుండా నిలబడ్డాను.

టక్.

"ఆయ్," అన్నాడు. "ఎవరో ఉన్నారు.
పొడుగు మనిషి. గుమాస్తాగారేనా?"
కాసేపాగి,
"చొక్కా బాగా తడిసిందండి మీది.
తడిసిన గుడ్డ గట్టిగా పలుకుతుంది."