దేన్ని? ఎవర్ని?

గవర్నర్‌పేటలో పెళ్ళికార్డుల కొట్టు మీద రెండో అంతస్తు,
రాత్రి ఏడున్నర బ్యాచి.
ఆటోనగర్ నుంచి వచ్చేసరికి
వెనక బెంచీయే మిగులుతుంది నాకు,
జుట్టు నిండా రంపప్పొట్టు.
ఇది ఆఖరి ఏడాది. దాటితే వయసు చాలదంటారు,
అంటే ఎక్కువైందని.

దయామణి టీచరు సుద్దముక్క విరిచి
(విరవకుండా ఎప్పుడూ రాయదావిడ)
"వర్బుని నిలదీసి అడగండి: దేన్ని? ఎవర్ని?
బదులిస్తే ట్రాన్సిటివ్.
నోరు మెదపకపోతే ఇన్‌ట్రాన్సిటివ్.
మన సకర్మకం, అకర్మకం.
కర్మంటే తలరాత కాదు నాయనా,
పని ఎవరి మీద పడిందో వాళ్ళు."

వెనక ఎవరో నవ్వారు. నేనే అనుకుంటా.

ఉయ్ డిస్కస్డ్ అబౌట్ ద మేటర్.
అబౌట్ కొట్టెయ్.
డిస్కస్‌కి మధ్యవర్తి అక్కర్లేదు.
హీ రీచ్డ్ టు బెజవాడ.
ఆ టు, మన 'కి' చాటున
టిక్కెట్టు లేకుండా ఎక్కింది. దించెయ్.
ఉయ్ ఎంజాయ్డ్ ఎట్ భవానీ ఐలండ్.
"ఎంజాయ్ చేశారు సరే, దేన్ని?"
"పునుగుల్ని మేడం" అంది ముందు బెంచీ హిమజ్యోతి.

తర్వాత బోర్డు మధ్య నిలువుగీత గీసింది.
పగిలింది, పగలగొట్టాను.
చిరిగింది, చించాను.
ఒలికింది, ఒలకబోశాను.
"ఎడంపక్కవన్నీ మన ఇళ్ళల్లో మాటలు.
అమ్మ అడిగితే చాలు,
గ్లాసు దానంతటదే పగులుతుంది."
అని, 'తెగింది' రాసి
కుడిపక్క ఖాళీ వదిలి
"బ్రహ్మం, నువ్వు" అంది.

లేచాను. లేవడానికి కర్మ అక్కర్లేదు.
చెప్పలేదు.

పోయిన ఆషాఢంలో
లారీ తొట్టికి చెక్కలు కోస్తున్నాం.
కరెంటు పోయింది.
టీకి పోతూ, పళ్ళకింద పొట్టు దులపరా అన్నాను
సుభానీతో.
కరెంటు వచ్చింది.
రంపం తిరిగింది.
వేలు తెగింది.
ఓనరుకి ఇలాగే చెప్పాను.
ఓనరు ఆస్పత్రిలో ఇలాగే చెప్పాడు.
కట్టు మీద కట్టుతో సుభానీ
వాళ్ళమ్మకీ ఇలాగే చెప్పాడు, నా వైపు చూడకుండా.

అన్నీ చిన్న వాక్యాలే. ఒక్కదానికీ కర్మ లేదు.
కర్త కుర్చీలో
కరెంటూ, రంపమూ, పాపం ఆ వేలూ.
నేను ఎక్కడా లేను.
గ్రామరు ప్రకారం వంక పెట్టడానికి లేదు.
ఆప్షన్ డి, నో ఎర్రర్.
ఏడాదిగా ఆ బబులే నింపుతున్నాను,
కాగితం చిరిగేదాకా.
చించేదాకా.

ఆ రాత్రి రఫ్ పేపరు మీద రాశాను:
ఐ లెఫ్ట్ ద స్విచ్ ఆన్.
దేన్ని వదిలేశావు?
స్విచ్చిని.
ఎవర్ని?
పెన్ను ఆగింది.
కాదు, ఆపాను.
కొట్టెయ్యడానికి అందులో
ఒక్క అబౌట్ లేదు, ఒక్క టు లేదు.

ఆదివారం బస్టాండు ఎదురు సందు.
సుభానీ ఇప్పుడు వాళ్ళ మావయ్య టీబండి దగ్గర ఉంటాడు.
గ్లాసుని బొటనవేలికీ నడిమివేలికీ మధ్య పడతాడు,
ముందునుంచీ అలాగే పట్టేవాడిలా.
జనం పల్చబడేదాకా నిలబడ్డాను.
"స్విచ్చి నేను ఆపలేదురా.
నీ వేలు తెగలేదు. నేను తెగ్గోశాను."
బస్సులో బట్టీపట్టిన వాక్యం,
గొంతులో రెండుచోట్ల విరిగింది.

పాలు పొంగాయి.
మంట తగ్గించాడు.
"తెలుసన్నా" అన్నాడు.
ఎప్పట్నుంచని అడగలేదు.
టీ పోశాడు. తాగాను.
పది కాగితం ఇస్తే వద్దనలేదు.
డబ్బాలో తడిమి, తడిమి
రెండు రూపాయలు తిరిగిచ్చాడు.