పదిహేడో పక్కటెముక

పెరంబూరు మేడ మీద, ఆదివారం పూట
మేం కర్రలు ఉడకబెడుతున్నాం.

కింది వాటా రేవతక్క వాసన పట్టి అడిగింది:
"ఏం వంట?"
"తుమ్మ" అన్నాను. "కయాక్‌కి."
రెండు మెట్లెక్కి, ఆగి,
దిగిపోయింది.

పెళ్ళిలో వచ్చిన పది లీటర్ల కుక్కరు;
వెయిట్ తీసేసి ఆ ముక్కుకు
కారు రేడియేటర్ గొట్టం తొడిగాం.
మొదటివారం ఆవిరిని ప్లాస్టిక్ పైపులోకి పంపితే
లోపల కర్ర కర్రలాగే ఉంది,
పైపే మధ్యాహ్నానికి నడుం జారవిడిచి
పిట్టగోడకు చేరగిలబడింది.
"వంగమన్నదొకర్ని, వంగిందొకరు."
యోబు మేస్త్రి నవ్వడం ఆ రోజే చూశాను.

ముప్పై మూడేళ్ళు రైలుపెట్టెల కార్ఖానాలో
బెర్తుల అంచులు నున్నచేసిన చేతులు.
చెక్క పోయి రేకు వచ్చాక
స్టోరులో రసీదులు రాశాయట, అవే చేతులు.
ఆ మాట వచ్చినప్పుడల్లా
చెవి మీదున్న పెన్సిలు కోసం వెతుక్కుంటాడు.

ఇప్పుడు పెట్టె చెక్కదే. మూతికి పాత లుంగీ కుక్కాం.
అంగుళం మందానికి గంట, ఆయన లెక్క.
మా బద్దలు పావంగుళం.
అయినా ఇరవై నిమిషాలుంచుతాడు,
ఈ తుమ్మకి మొండి ఎక్కువట.
"మొక్కై వంగనిది..." అని నేనెత్తుకుంటే
"ఆ సామెత కట్టినోడు నీళ్ళు మరగబెట్టలేదమ్మా."

తర్వాతంతా పరుగే.
లుంగీ లాగు, తోలు తొడుగులు, బద్ద బయటికి.
ముప్పై లెక్కపెట్టేలోపు
అది ఎవరి మాటైనా వింటుంది.
ముప్పై ఒకటికి మళ్ళీ కర్ర.
మోకాలికి ఆనించి, రెండు కొసలూ దగ్గరికి,
దగ్గరికి,
ఇంకాస్త,
అచ్చులో కూర్చోబెట్టి బిగింపు తిప్పేదాకా
ఇద్దరం ఊపిరి తియ్యం.

పదహారు వంగాయి.
పదిహేడోది వీపు మీద చిట్లింది,
చలికి పెదవి పగిలినట్టు, సన్నగా.
తప్పు నాదే. ఇరవై ఎనిమిది దగ్గర
ఎదురింటి గోడ కేసి చూశాను.
రెండుసార్లు సున్నం వేసినా
ఆ డిసెంబరు నీళ్ళ గీత పైకి తేలుతూనే ఉంది.

నాలుగు డ్రమ్ములు కట్టి తెప్ప చేశాం ఆ రాత్రి.
రేవతక్క వాళ్ళమ్మను ఎక్కించాం.
వీధి మలుపులో ఒక్కసారి
పక్కకు ఒరిగింది.
ఆ తర్వాతి సంగతి ఈ ఇంట్లో ఎవరం ఎత్తం.
కయాక్ పులికాట్ షికారుకని
అందరికీ చెప్పాం.

సాయంత్రం మళ్ళీ వచ్చింది రేవతక్క,
ఈసారి పైదాకా.
అచ్చులో ఆరుతున్న పదహారింటినీ
ఒక్కొక్కటే తాకి చూసింది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.
"ఒరుగుతుందా ఇది?"
నేను నోరు తెరిచేలోపు మేస్త్రి అన్నాడు,
"ఒరుగుతుందమ్మా. పడవన్నాక ఒరగదూ?"
ఆమె తలూపింది. చిట్లినదాన్ని చేతిలోకి తీసుకుని
"ఇది నాకివ్వండి, బట్టలారేసుకుంటా" అంది.

రాత్రి కుక్కరు మూడుసార్లు తోమి
వెయిట్ పెట్టి పప్పు వండాను.
ఎంత చింతపండు పిసికినా
అడుగున ఎక్కడో
తుమ్మ వగరు.