మల్లొచ్చేటోడు

రాత్రి మూడూ పన్నెండుకి వచ్చిపోయింది.
లాగ్‌లో మూడే మూడు వరసలు.
మొదటి పేజీ చూసింది, ధరలు చూసింది,
ఫొటోల పేజీ గుమ్మం దాకా వచ్చి
లోపల ఒక్క అక్షరమూ కనపడక వెనుదిరిగింది.

పోశెట్టన్నకు ఇది ఎలా చెప్పడం?
అజ్మాన్‌లో నీళ్ల ట్యాంకులు కడుగుతాడు.
నలభై ఫొటోలు పంపాడు, పాకుడు పట్టినవీ కడిగినవీ.
"పని సూస్తె ఆల్లకే తెలుస్తది."
అన్నా, దానికి కళ్లు లేవు.
బొమ్మ కింద పేరు రాస్తేనే అది బొమ్మ.

తలుపు తట్టదు.
లింకు పట్టుకుని ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి పాకుతుంది.
నిన్నెవరు ఎరుగుదురు, అదొక్కటే దాని ప్రశ్న,
దిగిన రోజు క్యాంపు బాస్ అడిగినట్టు.
మనల్ని ఎరిగినవాడు ఒక్కడే:
కుంజుమోన్, తన టీకొట్టు పేజీలో
అడుగున ఒక మూల మన పేరు పెట్టాడు.
దేరాలో ఒకడు రెండొందల దిర్హాములకు
వెయ్యి సిఫారసులు అమ్ముతానన్నాడు.
వద్దన్నాను.
దొంగ సాక్ష్యం పసిగడితే అది తిట్టదు,
ఊరికే మరిచిపోతుంది.

మనది ముప్పై నాలుగో స్థానం.
నాలుగో పేజీకి ఎవరొస్తారు?
లిఫ్టు లేని మేడమీదికి గ్యాసుబండ కూడా రాదు.

నిన్న తన పేరు కొట్టి చూడమన్నాడు.
మొట్టమొదట వచ్చింది
పదకొండేళ్ల కిందటి పత్రికా ప్రకటన.
పని వదిలి పారిపోయాడని, పాస్‌పోర్టు ఫొటోతో,
మీసం ఇంకా నల్లగా.
కేసు కొట్టేసి తొమ్మిదేళ్లయింది.
ఆ కాగితం పరుపు కింద ప్లాస్టిక్ కవర్లో ఉంది.
పరుపు కిందికి పాకడం దానికి రాదు.
పెద్ద పత్రిక గడప గంటకోసారి తొక్కుతుంది,
మన గడప నలభై రోజులకు.

ఫోను కాసేపు పట్టుకుని వెనక్కిచ్చాడు.
"జర బక్కగున్న గదా అప్పుడు."

ఇవాళ కొత్త ఫొటోల కోసం ఆయన వెంట డాబా ఎక్కాను.
ఏడింటికే రేకు కాలుతోంది.
ట్యాంకులోంచి ఆయన దగ్గు
ఇంకెవరిదో అన్నట్టు పెద్దగా వినిపించింది.
పైకొచ్చి, చేతులు బనీనుకు తుడుచుకుని,
మూత లోపలివైపు మైనపు పెన్సిల్‌తో తేదీ వేశాడు.
లోపల ఎవరు చదువుతారన్నా?
"మల్లొచ్చేటోడు."

ఫొటో తీశాను.
దాని కింద రాశాను:
ట్యాంకు మూత, లోపలివైపు.
తేదీ వేసినవాడు పోశెట్టి.