రాత్రి మూడింటి బకెట్టు

టప్.
మళ్లీ మొదలైంది.
మంచం కింది పెయింటు బకెట్టు లాగి
గోడమీది ఏసీ గడ్డం కింద పెట్టాను.
మెహికాలిలో జూలై.
నడిరేయి కుళాయి తిప్పినా వేడినీళ్లే.
చైనా హోటల్లో పదిగంటలు ఉల్లిపాయలు తరిగిన చేతులు
ఎన్నిసార్లు కడిగినా నా చేతులు కావు.

టప్. టప్.
మా నెరేయిదా తడిపిన దుప్పటి కప్పుకుని
కళ్లు తెరవకుండానే అడుగుతుంది:
"అమ్మా, వానా?"
ఈ ఊళ్లో వానెక్కడిదే, పడుకో.

పొద్దున్నే ఫెర్మిన్ వస్తాడు,
భుజాన నిచ్చెన, చేతిలో సబ్బునీళ్ల సీసా.
రాగి గొట్టం కీలు కీలుకీ నురగ పూస్తాడు
పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు.
బుడగ లేచిన చోట చిల్లు.
ఈసారి బుడగ లేవలేదు.
అదే భయం అంటాడు, బయట లేదంటే లోపల ఉన్నట్టు.

"గ్యాసు తగ్గితే మంచు కడుతుంది.
మంచు కరిగి మీ ఇల్లు తడుస్తుంది."
చల్లబరచలేనిది మంచెలా కడుతుందయ్యా?
"పాపం, దానికి చేతనైన చోట
చేతనైనంత చేస్తుంది, దోన్యా ఎడువీహెస్."

కొత్త కాయిల్ వేయొచ్చట, సగం ఏసీ ఖరీదు.
ఆపైన కంప్రెసర్ పోతే నన్ను తిట్టొద్దన్నాడు.
మరి కొత్తదైతే? అన్నాను.
నెరేయిదా బడి బూట్లవంక చూశాడు,
ఫ్రిజ్ తలుపుకు కట్టిన తాడువంక చూశాడు,
జవాబు చెప్పకుండా చెమట తుడుచుకున్నాడు.

గ్యాసే నింపు, అన్నాను.
దింపుడు కళ్లం ఆశ. నాకు తెలుసు, అతనికీ తెలుసు.
నలభై ఎనిమిది డిగ్రీల్లో ఎవరూ నిర్ణయాలు తీసుకోరు.
ఏది ముందు చల్లబడితే దానికి తలూపుతారు.

నవంబరులో అదే ఏసీ
గోడమీద ఎంత బుద్ధిగా కూచుంటుందో!
దానికి ఎప్పుడైనా జబ్బు చేసిందంటే
నేనే నమ్మను.
దాని పేరున దాచిన డబ్బు
నా పన్నుకు పోయింది.

హోటలువాళ్లిచ్చే క్యాలెండర్లు పారేయను,
వెనకవైపు లెక్కలుంటాయి.
జనవరిలో కొత్తది తగిలిస్తూ
పాతవాటిని తిరగేశాను, ఊరికే.
గ్యాసు ఎనిమిది వందలు.
గ్యాసు, నట్టు, పదకొండు వందలు.
ఆగస్టులో మళ్లీ గ్యాసు, డ్రెయిన్ పైపు.
ఒక ఏడు రాయనేలేదు, సిగ్గేసి కాబోలు.
ఆరేళ్లవి కూడాను:
తొమ్మిది వేల మూడు వందల పెసోలు.
అంగడి కిటికీలో కొత్త ఏసీ
మెడలో వేలాడేసుకున్న అంకె కూడా
ఇంచుమించు అదే.
ఉల్లిపాయ లేకుండానే కళ్లు నిండాయి,
నవ్వుకే లెండి.

ఫెర్మిన్ స్వెటర్ వేసుకొచ్చాడు.
చెమట లేకపోతే మనిషిని పోల్చుకోలేకపోయాను.
చలికాలంలో తనను పిలిచింది
నేనొక్కదాన్నేనట, ధర తగ్గించాడు,
మిగతాది పన్నెండు వాయిదాలు.
పాతదాని గొట్టం కోసేముందు
వేలు పెదవిమీద పెట్టి చెవి ఆనించాడు.
నేనూ ఆనించాను.
ఏమీ లేదు.
పోయిన వేసవిలో నింపిన ఊపిరి
ఒక్క బుస్సుకైనా మిగల్లేదు.
రాగి అమ్మిన డబ్బు
సాయంత్రం తెచ్చి బల్లమీద పెట్టాడు,
చిల్లరతో సహా.

మే నెల. మొదటి వేడి రాత్రి.
మూడింటికి దానంతటదే మెలకువొచ్చింది.
చీకట్లో తడుముకుంటూ వెళ్లి బకెట్టు ఎత్తితే
తేలిగ్గా లేచి వచ్చింది చేతికి.
పొడి. లోపల ఒక చచ్చిన దోమ.
కొత్తదాని నీళ్లు పైపు పట్టుకుని
మర్యాదగా వీధిలోకి పోతున్నాయి.
నెరేయిదా మెడదాకా దుప్పటి లాక్కుని, అబ్బో,
చలట!

వంటింటి గడపలో డబ్బాలో పుదీనా
తల వాల్చేసింది.
ఆరేళ్లుగా అది బతికింది ఆ కారుడు నీళ్లతోనే,
నాకు తట్టనే లేదు.
ఖాళీ బకెట్టు కుళాయి కింద పెట్టి
గోరువెచ్చని ధార చల్లారేదాకా
నిలబడ్డాను.